బీఎంఎక్స్ రేసు సైకిలు: ఏ పార్టుకు ఏ పార్టు పడుతుంది?

మన తెలుగు తరగతులకు వచ్చే పిల్లల్లో ఈ మధ్య బీఎంఎక్స్ రేసులకు వెళ్ళేవాళ్ళు కొందరు తయారయ్యారు. శనివారం సాయంత్రం ట్రాకు మీద మట్టి కొట్టుకుపోయి, ఆదివారం పొద్దున్నే గుణింతాలు దిద్దడానికి కూర్చుంటున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు తరగతి బయట కాఫీ తాగుతూ అడిగే ప్రశ్న ఒక్కటే: "మా వాడి సైకిలుకి ఏ పార్టు వేస్తే స్పీడు పెరుగుతుందండీ?" అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ పార్టు వాడి సైకిలుకి పడుతుందా? వాడి వంటికి పడుతుందా? ఈ వ్యాసం దాని గురించే.

తెలియనివారి కోసం రెండు మాటలు. 1970ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు పెద్దవాళ్ళ మోటోక్రాస్ మోటారు సైకిలు పందేలు చూసి, తమ చిన్న సైకిళ్ళతో మట్టి దిబ్బల మీద అదే ఆట మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు ఎక్కింది. అమెరికాలో ఈ రేసులను నడిపే యూఎస్ఏ బీఎంఎక్స్ 2011లో రెండు పాత సంఘాలు కలిసి ఏర్పడినది. రేసుకు ఎనిమిది మంది వరకు గేటు దగ్గర వరుసగా నిలబడతారు. ముందు చక్రం గేటుకు ఆనించి, రెండు పెడళ్ళ మీదా లేచి నిలబడి ఉంటారు. గేటు పడగానే వంట్లో ఉన్న బలమంతా ఒక్క తొక్కులో దిగుతుంది. సైకిలుకి గేర్లు మార్చుకునే ఏర్పాటు ఉండదు. ముందొక పళ్ళచక్రం, వెనకొకటి, మధ్యన చైను, వెనక చక్రానికి బ్రేకు, అంతే.

ఇంత సాదా యంత్రంలో పొరపాటు పడడానికి ఏముంది అనిపిస్తుంది. మనం చూస్తూ పెరిగిన సైకిళ్ళు అలాంటివి మరి. అట్లాసు అయినా, హీరో అయినా, హెర్క్యులిస్ అయినా పెద్ద సైకిలంటే 28 × 1½ టైరు, కాటరు పిన్నుతో బిగించే క్రాంకు. సెంటర్లో సైకిలు షాపతను మేకుకు వేలాడుతున్న చైను తీసి ఏ కంపెనీ అని అడగకుండానే వేసేవాడు, అది పట్టేది కూడా. ఆ అలవాటుతో ఇక్కడ ఆన్‌లైనులో పార్టులు కొంటే పెట్టె ఇంటికి వచ్చాక గాని సంగతి తెలియదు. మన సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే, ఇక్కడ ప్రతి అతుకూ ఒక ఇంటర్‌ఫేసు. ఒక్కొక్క ఇంటర్‌ఫేసుకు నాలుగైదు వెర్షన్లు. పాత వెర్షనుకు కొత్త పార్టు పెడితే కంపైలరు ఎర్రరు కూడా ఇవ్వదు. కొన్నిసార్లు బాగానే ఎక్కినట్టు కనిపించి, గేటు దగ్గర వదిలేస్తుంది.

టైరుతో మొదలుపెడతాను, ఎందుకంటే తేలికగా కనబడుతూ ఎక్కువమందిని తికమక పెట్టేది అదే. "20 అంగుళాల చక్రం" అన్న మాటకు ఒకే అర్థం లేదు. మామూలు బీఎంఎక్స్ టైరు, అంటే 20 × 1.75, 20 × 1.95 లాంటివి, 406 మి.మీ. రిమ్ముకు కూర్చుంటాయి. చిన్న పిల్లల మైక్రో, మినీ సైకిళ్ళకు ఎక్కువగా వచ్చే సన్నటి టైర్లు, 20 × 1 1/8, 20 × 1 3/8, కూర్చునేది 451 మి.మీ. రిమ్ముకు. రెండిటి మీదా 20 అనే ఉంటుంది. ఒకటి రెండోదానికి ఎంత గుంజినా ఎక్కదు. ఇంకో చిత్రం చూడండి. 1.75 అన్నా 1 3/4 అన్నా ఒకటేనని మనకు నాలుగో తరగతిలో లెక్కల మాస్టారు చెప్పారు. సైకిలు టైర్ల లోకంలో అవి రెండూ ఒకటి కావు! పాత ష్విన్ సైకిళ్ళ 20 × 1 3/4 టైరు 419 మి.మీ. రిముది. దశాంశంలో రాసిన కొలతా, భిన్నంలో రాసిన కొలతా వేర్వేరు కుటుంబాలు. అందుకని పెద్ద అక్షరాలు వదిలేసి టైరు పక్క గోడ మీద చిన్న అక్షరాల్లో ఉండే 47-406, 28-451 లాంటి జంట అంకెలు చూడండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత, రెండూ మిల్లీమీటర్లలోనే. రెండో అంకె మీ పాత టైరు మీది అంకెతో సరిపోవాలి. మొదటి అంకెలో కొంత వెసులుబాటు ఉంది, ఫ్రేములో ఖాళీ ఉన్నంత వరకు.

పోనీ, చక్రాలు మొత్తానికే మార్చేస్తే సరిపోతుందా అంటారేమో. 451 చక్రం తీసి 406 చక్రం పెడితే రిమ్ము అంచు 22.5 మి.మీ. లోపలికి పోతుంది. బ్రేకు మాత్రం ఫ్రేముకు అతికించిన పిన్నుల మీద ఉంటుంది, అది కదలదు. బ్రేకు రబ్బరు రిమ్ముకు బదులు టైరును రాసుకుంటుంది, లేదా గాలిలో మూసుకుంటుంది. పనిచేసే వెనక బ్రేకు లేనిదే రేసుకు పోనివ్వరు. ఆ నియమం లేకపోయినా బ్రేకు లేని సైకిలు మీద పిల్లవాణ్ణి ఎవరు ఎక్కిస్తారు? కాబట్టి ఫ్రేము ఏ రిమ్ము కోసం చేసిందో ఆ రిమ్మే. బ్రేకు మార్చేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. వీ-బ్రేకుకు కేబులును ఎక్కువ దూరం లాగే లివరు కావాలి. పాత తరహా కాలిపరు బ్రేకు లివరు పెడితే వేళ్ళు హ్యాండిలుకు తగిలినా బ్రేకు సరిగ్గా పడదు.

ఇక గేరు. పెద్దల సైకిళ్ళలో ఏళ్ళ తరబడి నడిచిన జంట 44/16. ముందు 44 పళ్ళు, వెనక 16. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.75 చుట్లు తిరుగుతుంది. కానీ పిల్లవాడు తొక్కేది పళ్ళను కాదు, దూరాన్ని. 20 × 1.75 టైరు ఒక చుట్టుకు సుమారు 1515 మి.మీ. పోతుంది, 1.95 టైరు సుమారు 1565. గుణించి చూడండి. 44/16తో మొదటి టైరు మీద పెడలు ఒక చుట్టుకు 4.17 మీటర్లు, రెండోదాని మీద 4.30 మీటర్లు. ముందు 45 పళ్ళది వేస్తే పెరిగేది తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. అంటే పట్టు బాగుంటుందని లావు టైరు వేసినవాళ్ళు, తెలియకుండానే గేరును దాదాపు పన్ను న్నర బరువు చేశారన్నమాట. "కొత్త టైరు వేశాక వీడు గేటు దగ్గర వెనకబడుతున్నాడేంటి" అని పిల్లవాణ్ణి కోప్పడకుండా ముందు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

గేరు సర్దాలంటే ముందు పళ్ళు ఒక్కొక్కటిగా మార్చండి. వెనక ఒక పన్ను తీయడమంటే చిన్న మార్పు కాదు. 44/15 అంటే దాదాపు 47/16తో సమానం. పైగా మరతో బిగించే మామూలు ఫ్రీవీలు 16 పళ్ళకన్నా తక్కువలో రాదు. 15 కావాలంటే హబ్బు మీద 30 మి.మీ. చిన్న మర ఉండాలి, లేదా కేసెట్టు హబ్బు ఉండాలి. పళ్ళు మార్చినప్పుడు చైను సంగతీ చూడాలి. అర అంగుళం పిచ్ ఉన్న చైనుకు ఒక పన్ను పెరిగితే ఇరుసు సుమారు 3 మి.మీ. ముందుకు జరుగుతుంది. ఫ్రేము చివర గాడిలో అంత చోటు ఉందా? ఇరుసు జరిగితే బ్రేకు రబ్బర్లు కూడా జరపాలి. చైను నుంచి ఒక జత లింకులు తీస్తే ఇరుసు ఏకంగా అర అంగుళం జరుగుతుంది. మధ్యలో ఆగాలంటే హాఫ్ లింకు అని ఒకటి దొరుకుతుంది.

చైను వెడల్పు రెండు రకాలు, 1/8 అంగుళం, 3/32 అంగుళం. వెడల్పు చైను సన్న పళ్ళ మీద నడుస్తుంది. సన్న చైను వెడల్పు పళ్ళ మీద కూర్చోదు. కూర్చున్నట్టే ఉంటుంది, పైపైన. ఈ వ్యాసంలో నేను కాస్త గొంతు పెంచి చెప్పేది ఇదే. పిల్లవాడు పెడళ్ళ మీద నిలబడి బరువంతా ముందుకు వేసి తొక్కే క్షణంలో చైను జారితే కాలు గాలిలోకి పోతుంది, ఛాతీ వెళ్ళి హ్యాండిలుకు కొట్టుకుంటుంది, పక్కన ఏడుగురు అదే ఊపులో వస్తుంటారు. ముఖం మొత్తం కప్పే హెల్మెట్టు, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు ఎందుకు తప్పనిసరో అలాంటి పాటు ఒక్కటి చూస్తే తెలుస్తుంది. సరైన వెడల్పు చైను, ముందు వెనక పళ్ళచక్రాలు ఒకే గీతలో ఉండడం, మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం మాత్రమే ఆడడం, ఈ మూడూ చూడకుండా ఇంకే ఖరీదైన పార్టూ వద్దు. పళ్ళచక్రాలు నూటికి నూరు పాళ్ళు గుండ్రంగా ఉండవు కనుక పెడలు నెమ్మదిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల నొక్కి చూడండి.

క్రాంకు దగ్గరకు వద్దాం. మా మిత్రులొకరు కొడుకు పుట్టినరోజుకు మంచి క్రాంకు సెట్టు తెప్పించారు. అమ్మకపు పేజీలో "యూరో" అని ఉంది, తేలికగా ఉంది, తగ్గింపు ధర కూడా. ఇంట్లో పాత క్రాంకు విప్పి చూస్తే ఫ్రేము గొట్టంలో మరలే లేవు, నున్నగా ఉంది. సైకిలు మూడు వారాలు గరాజులో విప్పినది విప్పినట్టే పడి ఉంది. ఆ మూడు శనివారాలూ కుర్రాడు కంచె అవతల నిలబడి తోటివాళ్ళ రేసులు చూశాడు. పార్టు చెడ్డది కాదు, ఫ్రేమూ చెడ్డది కాదు. రెండిటికీ మధ్య ఉన్న కొలత ఒక్కటే ఎవరూ అడగలేదు.

క్రాంకు ఇరుసు తిరిగే ఆ గొట్టాన్ని బాటమ్ బ్రాకెట్టు షెల్లు అంటారు. యూరో రకంలో లోపల మరలుంటాయి, వెడల్పు 68 లేదా 73 మి.మీ. ఈ మర కొలతకే బీఎస్ఏ అని ఇంకో పేరు. అవును, మనలో కొందరు కాలేజీకి తొక్కిన బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ మీద ఉన్న పేరే. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అన్న ఇంగ్లీషు కంపెనీ పేరు అక్కడ సైకిలుగా, ఇక్కడ మర కొలతగా మిగిలింది. ఇందులో కుడి వైపు మర ఎదురు తిరుగుతుంది, బిగుస్తోందనుకుని విప్పడం, విప్పుతున్నామనుకుని బిగించడం మామూలే. పెడళ్ళలో మాత్రం ఎదురు మర ఎడమ వైపుది. చౌక సైకిళ్ళలో, పాతవాటిలో ఉండే అమెరికన్ రకం షెల్లు 51.3 మి.మీ. లావున నున్నగా ఉంటుంది. ఫ్రీస్టైలు సైకిళ్ళలో కనబడే మిడ్ రకం 41.2 మి.మీ. ఖరీదైన కొత్త రేసు ఫ్రేముల్లో వచ్చే బీబీ86 అనే ప్రెస్‌ఫిట్ రకం 41 మి.మీ. చూశారా, మిడ్‌కూ దీనికీ తేడా 0.2 మి.మీ. మాత్రమే, స్కేలు పెట్టి కొలిస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ బీబీ86 షెల్లు వెడల్పు 86.5 మి.మీ. అందుకే లోపలి వ్యాసం ఒక్కటే కాదు, వెడల్పు కూడా కొలవాలి. షెల్లు రకం తేలాక క్రాంకు ఇరుసు లావు, రేసు క్రాంకుల్లో ఎక్కువగా 24 మి.మీ., బేరింగు రంధ్రంతో సరిపోవాలి. ఆ తరువాత చైన్‌రింగు బోల్టులు. నాలుగు బోల్టుల 104 రకంలో పక్కపక్క బోల్టుల మధ్య దూరం 73.5 మి.మీ., అయిదు బోల్టుల 110 రకంలో 64.7. ఇవి కొలిచి కొంటే పెట్టె వెనక్కు పంపే పని ఉండదు.

సైకిలుకి పట్టినా పిల్లవాడికి పట్టని పార్టు కూడా ఉంటుంది, అది క్రాంకు పొడవు. ఒలింపిక్స్ వాళ్ళు 175 వేస్తారని మనవాడికీ 175 వేయకూడదు. మోకాలు పొట్ట దాకా లేస్తుంది, కాలు వేగంగా తిరగదు. మినీ సైకిలుకి 145 నుంచి 155, జూనియరుకు 155 నుంచి 165, ఎక్స్‌పర్టుకు 165 నుంచి 170 పైచిలుకు, ఇలా మామూలుగా వాడతారు. ఫ్రేము సంగతీ అంతే. "ఎదుగుతాడు కదా" అని రెండు సైజులు పెద్దది కొనే అలవాటు మనకు చొక్కాల దగ్గర పనికొస్తుంది గాని రేసు ఫ్రేము దగ్గర పనికిరాదు. చేతులు చాచి పట్టుకున్నవాడు సైకిలును ఎగరేయలేడు. పై గొట్టం పొడవు మినీలో సుమారు 17 అంగుళాలు, జూనియర్లో 18 పైన, ఎక్స్‌పర్టులో 19 పైన, ప్రోలో 20 పైన ఉంటుంది. ఒక కంపెనీ జూనియరు ఇంకో కంపెనీ ఎక్స్‌పర్టంత ఉండవచ్చు కనుక పేరు చూడకుండా అంగుళాలు చూడండి.

హ్యాండిలు, స్టెమ్ము గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. హ్యాండిలు మధ్యలో లావు 22.2 మి.మీ. లేదా 31.8, స్టెమ్ము అదే కొలతది కావాలి, రేకు ముక్క చుట్టి సర్దకండి. స్టెమ్ము రెండో చివర ఫోర్కు గొట్టానికి పడుతుంది, చిన్న సైకిళ్ళలో 1 అంగుళం, పెద్దవాటిలో 1 1/8. సీటు గొట్టం 0.2 మి.మీ. తేడాలో కూడా పట్టదు, పాతదాని మీద చెక్కిన అంకె చూసి అదే తెచ్చుకోండి. పెడళ్ళు ఒకే ముక్క క్రాంకుకు 1/2 అంగుళం మర, మిగతావాటికి 9/16. స్టెమ్ము బోల్టుల దగ్గర రాసి ఉన్న న్యూటన్ మీటర్ల అంకె అలంకారం కాదు, ముఖ్యంగా కార్బను దగ్గర.

డబ్బు ఎక్కడ పెట్టాలి? ఒక లెక్క చెబుతాను. 75 కిలోల మనిషికి 9 కిలోల సైకిలు తన బరువులో 12 శాతం. 25 కిలోల పిల్లవాడికి 7 కిలోల సైకిలు 28 శాతం. అంటే తేలిక పార్టుల అవసరం పెద్దవాళ్ళకన్నా పిల్లలకే ఎక్కువ. అందులోనూ చక్రం అంచున తగ్గించిన బరువుకు విలువ దాదాపు రెట్టింపు, ఎందుకంటే వేగం పుంజుకునేటప్పుడు ఆ బరువును ముందుకూ తోయాలి, గుండ్రంగానూ తిప్పాలి. రిమ్ము దగ్గర 100 గ్రాములు తగ్గితే ఫ్రేములో 200 గ్రాములు తగ్గినట్టే. అందుకని నా సలహా అయితే మొదట మంచి టైర్లు, తేలిక ట్యూబులు, టైరు మీద రాసిన హద్దుల్లో సరైన గాలి. మంచి టైరు ఖరీదు టైటానియం బోల్టుల సెట్టు కన్నా తక్కువ, పని ఎక్కువ.

ఎక్కువ క్లిక్కుల హబ్బు గురించి చాలామంది అడుగుతారు. చుట్టుకు 36 చోట్ల పట్టే హబ్బులో ఎక్కువలో ఎక్కువ ఖాళీ 10 డిగ్రీలు. 44/16 గేరులో అది పెడలు దగ్గరకు వచ్చేసరికి మూడున్నర డిగ్రీల చిల్లర, 150 మి.మీ. క్రాంకు చివర సెంటీమీటరు కన్నా తక్కువ. పైగా గేటు దగ్గర పిల్లవాడు ముందే పెడలును నొక్కి నిలబడి ఉంటాడు, ఆ ఖాళీ అప్పటికే పోయి ఉంటుంది. 120 క్లిక్కుల హబ్బు లాభం దిబ్బలు దాటాక మళ్ళీ తొక్కడం మొదలుపెట్టే చోట్ల ఉంటుంది. అది పెద్ద క్లాసుల వాళ్ళ ఖర్చు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి 16 పళ్ళ మంచి ఫ్రీవీలు చాలు. హబ్బు కొన్నా కూడా స్పోకు రంధ్రాల సంఖ్య రిమ్ముతో కలవాలి, ఇరుసు లావు ఫ్రేము గాడితో కలవాలి.

ఇంకొకటి. పిల్లలు రెండేళ్ళకోసారి సైకిలు మారతారు. తదుపరి సైకిలుకి వెళ్ళే పార్టు ఏది, వెళ్ళనిది ఏది అని ముందే చూసుకుంటే సగం డబ్బు మిగులుతుంది. 9/16 పెడళ్ళు ఎప్పటికీ పనికొస్తాయి. 1 1/8 స్టెమ్ము కొన్నాళ్ళు వస్తుంది. 451 చక్రాలు, పొట్టి క్రాంకు, 1 అంగుళం హెడ్‌సెట్టు మినీతోనే ఆగిపోతాయి, వాటి మీద ఎక్కువ పెట్టడం నాకైతే ఇష్టం లేదు. ట్రాకు దగ్గర ఎదిగిన పిల్లల తల్లిదండ్రులు అలాంటివే సగం ధరకు అమ్ముతుంటారు, అవి కొనండి. మీ పాతవి అమ్మేటప్పుడు కొలతలు ఒక కాగితం మీద రాసి సంచిలో వేసి ఇవ్వండి, కొన్నవాళ్ళు మళ్ళీ మొదటినుంచి వెతుక్కోనక్కర లేకుండా.

ఏ పార్టు మార్చినా నేరుగా రేసుకు తీసుకుపోవద్దు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో ముందు మీరే హ్యాండిలు పట్టుకుని ముందు చక్రం మోకాళ్ళ మధ్య బిగించి తిప్పి చూడండి, కదలకూడదు. బ్రేకు పట్టి వెనక చక్రం తోయండి. ఆ తరువాత పిల్లవాణ్ణి ఎక్కించి నిలబడిన చోటు నుంచి నాలుగైదు సార్లు గట్టిగా తొక్కమనండి, చైను టకటకమంటే ఆపేయండి. కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్ కావాలి. ఇంటర్మీడియేట్ ఫిజిక్స్ ల్యాబులో రికార్డు కోసం తిప్పిన పరికరమే, ఇప్పుడు అంకెలు కనబడే డిజిటల్‌ది హార్డ్‌వేరు షాపులో చవగ్గానే దొరుకుతుంది. కొనేదాకా ఆగలేనివాళ్ళు ఆదివారం తరగతి అయ్యాక సైకిలు తెచ్చుకోండి, నాది ఎప్పుడూ కారు డిక్కీలోనే ఉంటుంది.